గొట్టం ఇంటికి వచ్చాక

మన భాషలో గొట్టం అనే మాటకి మర్యాద లేదు. ఊదుగొట్టాన్ని రోజూ చేతపట్టుకున్నది ఆడవాళ్ళే కాబట్టి కాబోలు, ఎవరినైనా తీసిపారెయ్యాలంటే 'వాడెవడో గొట్టంగాడు' అంటాం. ఆస్పత్రుల్లో పైపు అంటారు. ముక్కులోంచి వేస్తే ముక్కు పైపు, పొట్టకి రంధ్రం చేసి పెడితే పొట్ట పైపు. నర్సులూ ఆయాలూ ముక్కు పైపుని 'రైల్స్ ట్యూబు' అని కూడా అంటారు. ఆ రైల్ ఎవరో ఎవరూ అడగరు. నేను అడిగాను. ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరైన మనిషిని కనక ఆ జబ్బు నన్ను వదల్లేదు.

మా అమ్మాయి కూతురికి ఏడేళ్ళు. బరువు పధ్నాలుగు కిలోలు. నోటితో అన్నం తినలేదు. దానికున్నది మైటోకాండ్రియా జబ్బు. అందులోనూ లీ సిండ్రోమ్ అనే రకం. కణాల్లో తిన్నదాన్ని శక్తిగా మార్చే పొయ్యిలే మైటోకాండ్రియా. అవి సరిగ్గా మండకపోతే ఎక్కువ శక్తి కావలసిన మెదడూ కండరాలూ ముందు దెబ్బతింటాయి. మింగడం కండరాల పనే. పద్దెనిమిది నెలల వయసులో మా మనవరాలు మెడ నిలపడం మానేసింది. తర్వాత మింగడం మర్చిపోయింది. ముందు ముక్కు పైపు, మూడో ఏట పొట్ట పైపు వచ్చాయి.

ఈ అయిదారేళ్ళలో మా ఇంట్లో రెండు మాటలు లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఒకటి, 'ఇది తల్లి నుంచి వచ్చే జబ్బట'. రెండోది, 'ఎంతైనా తల్లి చూసుకున్నట్టు ఎవరు చూసుకుంటారు'. మొదటిది నింద, రెండోది పొగడ్త. రెండూ కలిసి చేసే పని మాత్రం ఒకటే. జబ్బు ఇచ్చిందీ తల్లే, మొయ్యాల్సిందీ తల్లే అని తేల్చేస్తాయి. ఈ రెండు మాటలకీ చరిత్ర ఉంది. ఆ చరిత్ర రాయాలనే ఈ ప్రయత్నం.

నింద ఎక్కడినుంచి వచ్చింది

1951లో ఇంగ్లండ్‌లో డెనిస్ లీ అనే వైద్యుడు ఏడు నెలల పసివాడి మెదడులోని మార్పుల్ని వర్ణించాడు. ఆ వర్ణన వల్లే జబ్బుకి ఆయన పేరు వచ్చింది. అప్పటికి దానికీ మైటోకాండ్రియాకీ సంబంధం ఉందని తెలియదు. మైటోకాండ్రియాలో లోపం వల్ల మనిషికి జబ్బు రావచ్చని 1962లో స్వీడన్‌లో రోల్ఫ్ లుఫ్ట్ బృందం మొదటిసారి చూపించింది. వాళ్ళు పరీక్షించింది ఒక స్త్రీని. చలిదేశంలో ఉండి కూడా చెమటలు కారేవి, ఎంత తిన్నా చిక్కిపోయేది. మరుసటి ఏడాది మార్గిట్ నాస్, సిల్వాన్ నాస్ ఇద్దరూ కలిసి మైటోకాండ్రియా లోపల కూడా డీఎన్ఏ ఉందని చూపించారు. 1981లో కేంబ్రిడ్జిలో దాన్ని పూర్తిగా చదివారు. మొత్తం 16,569 అక్షరాలు, 37 జన్యువులు.

ఈ చిన్న డీఎన్ఏ తల్లి నుంచే బిడ్డకి వస్తుంది. వీర్యకణంతో వచ్చిన మైటోకాండ్రియా అండంలో చేరాక నాశనమైపోతాయి. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ కలిసి 147 మంది నుంచి, ఎక్కువగా ప్రసవమయ్యాక మిగిలిన మాయల నుంచి, ఈ డీఎన్ఏ తీసి పోల్చారు. నేటి మనుషులందరి తల్లివరసా ఆఫ్రికాలోని ఒక స్త్రీ దగ్గర కలుస్తుందని చెప్పారు. పత్రికలు ఆమెకి వెంటనే 'ఈవ్' అని పేరు పెట్టేశాయి. పాపానికి మొదటి కారణమని మతం చెప్పిన స్త్రీ పేరు! మరుసటి ఏడాది 1988లో, ఈ డీఎన్ఏలో మార్పుల వల్ల జబ్బులు వస్తాయని లండన్‌లోనూ అమెరికాలోనూ విడివిడిగా తేలింది. 'తల్లి నుంచి వచ్చే జబ్బు' అన్న మాట అలా స్థిరపడింది.

అది అబద్ధం కాదు, అర్ధసత్యం. మైటోకాండ్రియా పని చెయ్యడానికి వెయ్యికి పైగా ప్రొటీన్లు కావాలి. దాని సొంత డీఎన్ఏ తయారుచేసేవి 13 మాత్రమే. మిగిలినవన్నీ కణకేంద్రంలోని జన్యువుల నుంచే రావాలి. అవి తండ్రి నుంచి సగం, తల్లి నుంచి సగం వస్తాయి. చిన్నపిల్లల్లో కనిపించే మైటోకాండ్రియా జబ్బుల్లో ఎక్కువ భాగం ఇలా కణకేంద్రపు జన్యువుల వల్ల వచ్చేవే. మా మనవరాలి రిపోర్టులో ఉన్నది 'సర్ఫ్1' అనే జన్యువు. అది లీ సిండ్రోమ్‌కి కారణమవుతుందని 1998లో కనుక్కున్నారు. తల్లి నుంచొక లోపం, తండ్రి నుంచొక లోపం కలిస్తేనే జబ్బు వస్తుంది. ఒక్కటే ఉన్నవాళ్ళు ఆరోగ్యంగా ఉంటారు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

మా అల్లుడు మా అన్నయ్య కొడుకే. మేనరికం. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఇష్టపడి చేసుకున్నారు. రిపోర్టు వచ్చిన రోజు ఇద్దరిలోనూ ఒకే మార్పు కనిపించిందని డాక్టరు చెప్పింది. అంటే అది మా అమ్మ దగ్గరో, మా నాన్న దగ్గరో ఉండి, అన్నయ్యకీ నాకూ వచ్చి, అన్నయ్య కొడుక్కీ నా కూతురికీ చేరిందన్నమాట. అయినా ఆ తర్వాత కూడా మా వదిన నోట 'మీ వైపు నుంచి' అనే మాట వచ్చింది. మా ఇంట్లో వైపులెక్కడున్నాయి? పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటే అయినచోట కూడా తప్పు వెతుక్కుంటూ వెళ్ళి తల్లి దగ్గరే ఆగింది. శాస్త్రం ఇద్దరి పేర్లూ రాసిచ్చినా సమాజం ఒక పేరే చదువుకుంది.

మేనరికాల్లో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుందనేది నిజం. దాన్ని దాచడం వల్ల మన ఆడపిల్లలకే నష్టం. కానీ అవకాశం వేరు, అపరాధం వేరు. ఏ బంధుత్వమూ లేని దంపతులకీ ఈ జబ్బు బిడ్డలు పుడతారు. మేనరికం చేసుకున్నవాళ్ళలో చాలామందికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలే పుడతారు.

ఒకవేళ ఈ జబ్బు నిజంగా తల్లి డీఎన్ఏ ద్వారానే వచ్చే రకమే అయివుంటే? అప్పుడు నింద న్యాయమయ్యేదా? ఎవరూ ఎంచుకుని ఇవ్వని దానికి బాధ్యులెవరు? ఆ రకం జబ్బులున్న స్త్రీల కోసం 2015లో బ్రిటన్ చట్టం మార్చి, వేరొక స్త్రీ అండంలోని మైటోకాండ్రియాని తీసుకోనిచ్చింది. ఆ పద్ధతిలో ఎనిమిదిమంది పిల్లలు పుట్టారని 2025లో ప్రకటించారు. మంచిదే. అయితే పత్రికలు మళ్ళీ ఆ తల్లుల 'లోపాన్ని' గురించే మాట్లాడాయి.

బలవంతపు గొట్టం

ఇక గొట్టం సంగతి. 1790లో లండన్‌లో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు మింగలేని ఒక రోగికి ఈల్ చేప చర్మంతో చేసిన గొట్టం గుండా కడుపులోకి ఆహారమూ మందులూ పంపాడు. రోగి కోలుకున్నాడు. 1921లో, అదే లండన్‌లో, జాన్ రైల్ కడుపులోని రసాన్ని కొద్దికొద్దిగా తీసి పరీక్షించడానికి సన్నటి రబ్బరు గొట్టం తయారుచేశాడు. మన వార్డుల్లో వినపడే పేరు ఆయనదే. అదే రైల్ 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో సామాజిక వైద్యానికి మొదటి ప్రొఫెసర్ అయ్యాడు. జబ్బుని ఒక్క శరీరంలోనే కాదు, మనిషి బతికే పరిస్థితుల్లో కూడా చూడాలన్నాడు. ఆయన గొట్టం మన దేశమంతా వచ్చింది. ఆయన చూపు మాత్రం అంత దూరం రాలేదు.

ఈ రెంటి మధ్యలో గొట్టానికి ఇంకో చరిత్ర ఉంది. అది స్త్రీలది. 1909 జూలైలో ఓటుహక్కు కోసం జైలుకెళ్ళిన మారియన్ వాలెస్ డన్‌లప్ నిరాహారదీక్ష చేసింది. ప్రభుత్వం ఆమెను వదిలేసింది. మిగిలినవాళ్ళూ అదే దారి పట్టేసరికి సెప్టెంబరు నుంచి బర్మింగ్‌హామ్ జైల్లో గొట్టంతో బలవంతంగా తినిపించడం మొదలుపెట్టింది. వార్డరు స్త్రీలు చేతులూ కాళ్ళూ పట్టుకునేవారు, డాక్టరు గొట్టం దింపేవాడు. లేడీ కాన్‌స్టన్స్ లిట్టన్ అనే ప్రభు కుటుంబీకురాలిని గుండె బలహీనంగా ఉందని ముట్టుకోకుండానే వదిలేశారు. ఆమెకి అనుమానం వచ్చింది. 1910లో జేన్ వార్టన్ అనే పేదరాలి వేషంలో లివర్‌పూల్‌లో అరెస్టయింది. ఈసారి గుండె సరిగ్గా పరీక్షించకుండానే ఎనిమిదిసార్లు గొట్టం దించారు. అదే గుండె, అదే గొట్టం. మారింది వర్గం ఒక్కటే.

ఇది దూరదేశపు కథ అనుకోనక్కర్లేదు. 2000 నవంబరులో మాలోమ్ కాల్పుల తర్వాత, సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టాన్ని ఎత్తెయ్యాలని దీక్ష మొదలుపెట్టిన ఇరోమ్ షర్మిలని ఆత్మహత్యాయత్నం నేరం కింద నిర్బంధించి, ముక్కు పైపుతో 2016 ఆగస్టు వరకూ బతికించింది మన ప్రభుత్వం. పదహారేళ్ళు! ముక్కులో పైపుతో ఉన్న ఆమె ముఖాన్ని మన పత్రికల మీద ఎన్నిసార్లు వేసుకున్నామో!

మా మనవరాలికి మొదటిసారి ముక్కు పైపు వేస్తుంటే ఇద్దరు నర్సులు చేతులు పట్టుకున్నారు. నాకు ఆ చదివినదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. వస్తువు ఒకటే అయినప్పుడు శిక్షకీ సంరక్షణకీ తేడా ఎక్కడుంది? దీనికి సమాధానం పుస్తకాల్లో దొరకలేదు, మా అమ్మాయి చేతుల్లో దొరికింది. పొట్ట నిండిపోతే మా మనవరాలు కాలివేళ్ళు బిగిస్తుంది, ముఖం గోడవైపు తిప్పేస్తుంది. మా అమ్మాయి వెంటనే ఆపుతుంది. పోయాల్సింది ఇంకా ముప్పై మిల్లీలీటర్లు ఉన్నా సరే. మాట లేని మనిషి 'వద్దు'ని వినడం, విని ఆగడం, ఆగినదాన్ని తర్వాత ఎలా పూడ్చాలో లెక్కవేసుకోవడం. ఏ జైలు డాక్టరూ చెయ్యని పని ఇదే. డాక్టరుని అడిగి, రోజూ పెదవికి ఒక చుక్క పప్పుచారు కూడా తడుపుతుంది. కేలరీల కోసం కాదు, రుచి కోసం. మా మనవరాలికి చింతపండు పులుపు ఇష్టం, బెల్లం తీపి ఇష్టం లేదు. ఇది ఏ రిపోర్టులోనూ లేదు.

ఇంటికి వచ్చిన ఆస్పత్రి

పొట్ట పైపు పాత ఆలోచనే. కానీ చాలాకాలం దానికి పెద్ద ఆపరేషన్ కావాల్సి వచ్చేది. 1979 జూన్ 12న అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో మైకేల్ గాడరర్, జెఫ్రీ పాన్‌స్కీ అనే వైద్యులు నాలుగున్నర నెలల పసిబిడ్డకి, పొట్ట కొయ్యకుండా, ఎండోస్కోపు సాయంతో పైపు పెట్టారు. 1984లో గాడరర్ చర్మానికి సమంగా ఉండే 'బటన్' తెచ్చాడు. గొట్టం ఎప్పుడూ వేలాడదు, కావలసినప్పుడే తగిలించుకోవచ్చు. గౌను కింద కనపడదు. ఈ రెంటితో, ఏళ్ళ తరబడి ఆస్పత్రిలో ఉండాల్సిన పిల్లలు ఇంటికి వెళ్ళగలిగారు.

అదే సమయంలో అమెరికాలోని అయోవాలో కేటీ బెకెట్ అనే మూడేళ్ళ పాప ఆస్పత్రిలోనే పెరుగుతోంది. మెదడువాపు వచ్చి, ఊపిరికి యంత్రం, ఆహారానికి పైపు అవసరమయ్యాయి. ఇంటికి తీసుకెళ్తామంటే ప్రభుత్వ వైద్యసాయం ఆగిపోతుందన్నారు. తల్లి జూలీ బెకెట్ పోరాడింది. 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ విలేకరుల సమావేశంలో ఈ కేసు ఎత్తాడు. ఆస్పత్రిలో ఉంచడానికి ప్రభుత్వం నెలకి 6,000 డాలర్లు ఇస్తోందనీ, ఇంట్లో ఉంచడానికి అందులో ఆరోవంతు చాలనీ, అది భరించే స్తోమత ఆ కుటుంబానికి లేదనీ ఆయన చెప్పిన సారాంశం. నిబంధన మారింది, 1982లో చట్టమైంది. కేటీ ఇంటికి వెళ్ళింది. పెద్దదైంది, చదువుకుంది, 2012 వరకూ బతికింది. ఇది గొప్ప విజయం. బిడ్డ ఉండాల్సింది ఇంట్లోనే.

కానీ చరిత్ర చదివినవాళ్ళకి ఆ భిన్నం దగ్గర ఆగక తప్పదు. ఆరువంతుల్లో ఒక వంతుతో పని జరిగిపోతే మిగిలిన అయిదు వంతులూ ఏమయ్యాయి? కొంత ఆస్పత్రి భవనాల ఖర్చు, యంత్రాల ఖర్చు తగ్గివుంటుంది. మిగిలింది రాత్రి డ్యూటీ నర్సు జీతం. ఆ డ్యూటీ మాయమైపోలేదు, ఇంట్లో ఒకరి నిద్రలోంచి తీసుకున్నారు. 1983లో అమెరికా ప్రభుత్వం ఆస్పత్రులకి రోజుల లెక్కన కాక జబ్బుల లెక్కన చెల్లించడం మొదలుపెట్టాక రోగుల్ని తొందరగా పంపించెయ్యడం లాభసాటి అయింది. నోనా గ్లేజర్ అనే స్త్రీవాద సామాజికశాస్త్రవేత్త 1993లో రాసిన పుస్తకంలో దీనికి 'పని బదిలీ' అని పేరు పెట్టింది. జీతం తీసుకుని స్త్రీలు చేసే పని, జీతం లేకుండా స్త్రీలు చేసే పనిగా మారుతుంది. రెండువైపులా స్త్రీలే ఉండడం వల్ల ఆ బదిలీ ఎవరి కంటా పడదు.

మన దగ్గర ఈ బదిలీకి చట్టమూ అక్కర్లేకపోయింది, చర్చా అక్కర్లేకపోయింది. మన ఆస్పత్రుల్లో రోగి పక్కన ఇంటిమనిషి ఒకరు ఎప్పుడూ ఉండాల్సిందే. ఆ మనిషి ఆడమనిషి అయితే మరీ మంచిది. మా అమ్మాయికి బటన్ గురించి నేర్పింది డిశ్చార్జి రోజు మధ్యాహ్నం నలభై నిమిషాలు. తర్వాత బిల్లు కట్టే కౌంటరుకి పంపారు.

పదకొండు నోట్‌బుక్కులు

మా అమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేది. ఎవరి జీతం తక్కువైతే వాళ్ళు ఉద్యోగం మానాలి అనుకున్నారు ఇద్దరూ. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఆడవాళ్ళ జీతమే ఎందుకు తక్కువ అన్న ప్రశ్న ఆ లెక్కలోకి రాలేదు. మానేసిన వారంలో ఒక రూళ్ళ నోట్‌బుక్ కొనుక్కుంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. నాకు తెలిసిన చారిత్రక ఆధారాల్లో ఇంత నిజాయితీ ఉన్నది ఇంకొకటి లేదు.

ఈ జబ్బులో పస్తు ప్రమాదం. శరీరం దాచుకున్నదాన్ని కరిగించుకోబోతే ఆ పొయ్యిల మీద భారం పడుతుంది, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. అందుకని మా మనవరాలికి నాలుగు గంటలు మించి ఖాళీ ఉండకూడదని డాక్టరు చెప్పింది. పగలు 7, 10, 1, 4, 7 గంటలకి 120 మిల్లీలీటర్ల చొప్పున అయిదుసార్లు. ఒక్కోటీ నలభై నిమిషాలు పట్టేలా నెమ్మదిగా. రాత్రి 11 నుంచి 5 దాకా పంపు మీద గంటకి 50. మొత్తం 900. మిల్లీలీటరుకి ఒక కేలరీ. కరెంటు పోయి పంపు బ్యాటరీ కూడా అయిపోతే సంచి వేలాడదీసి చుక్కలు లెక్కపెట్టాలి. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అయ్యే సెట్టుకి నిమిషానికి పదిహేడు చుక్కలు. నా కూతురి ఎమ్మెస్సీ ఇక్కడ పనికొస్తోంది.

మందులు ఉదయం అయిదు, మధ్యాహ్నం మూడు, రాత్రి అయిదు. ఫిట్స్ మందులూ, కడుపులో మంట మందూ, కార్నిటిన్, కోఎంజైమ్ క్యూ10, రైబోఫ్లేవిన్, థయమిన్ లాంటివీ. రెండు మందులు కలిపి పొయ్యకూడదు, ఫీడులో కలపకూడదు. ఒక్కో మందుకీ ముందూ వెనకా అయిదు మిల్లీలీటర్ల నీళ్ళతో పైపు కడగాలి. అలా రోజుకి పదహారుసార్లు, 80 మిల్లీలీటర్లు. ఆ నీళ్ళు కూడా రోజు మొత్తంలో లెక్కకి రావాలి. కొన్ని మాత్రలు నూరొచ్చు, నెమ్మదిగా కరిగే రకాలు నూరకూడదు. బరువు అరకిలో పెరిగితే మోతాదులన్నీ మళ్ళీ డాక్టరుతో చూసుకోవాలి. వారానికోసారి బటన్ లోపలి బుడగలో నీళ్ళు తీసి కొలిచి మళ్ళీ నింపాలి. బటన్ ఊడిపోతే కొన్ని గంటల్లోనే రంధ్రం మూసుకుపోవడం మొదలవుతుంది కాబట్టి, ఇంకోటి ఎప్పుడూ సంచిలో ఉండాలి.

ఈ విటమిన్ల మిశ్రమం వల్ల లాభముందని గట్టి రుజువులు లేవని కాక్రేన్ సమీక్ష 2006లోనూ 2012లోనూ చెప్పింది. థయమిన్‌కో క్యూ10కో నిజంగా లొంగే కొన్ని అరుదైన రకాలున్నాయి, మాది ఆ రకం కాదు. మా అమ్మాయికి ఇది తెలుసు. అందుకే ఏ కొత్త మందైనా ఒక్కదాన్నే మొదలుపెడతారు, రెండు వారాల పాటు వాంతులూ నిద్రా ఫిట్సూ పక్కపక్క గడుల్లో రాస్తుంది, దాన్ని డాక్టరు ముందు పెడుతుంది. దీన్ని ఇంకెవరైనా చేస్తే పరిశోధన అంటాం. తల్లి చేస్తే ప్రేమ అంటాం.

డబ్బా పొడి పోస్తోందని మా వదిన మొదట్లో బాధపడింది. రాగిజావ కంటే బలమైంది ఏముంటుంది అంది. ఆవిడ బాధలో అన్యాయం లేదు. మన ఆడవాళ్ళకి ప్రేమ చూపించడానికి మిగిల్చిన భాష వంట ఒక్కటే. కానీ అయిదు మిల్లీమీటర్లు కూడా లావు లేని పైపులోంచి పోవాలంటే జావని వడకట్టి నీళ్ళు చెయ్యాలి. నీళ్ళయితే కేలరీలు పోతాయి. మా అమ్మాయి ఒక మధ్యాహ్నం అత్తయ్యని కూచోబెట్టి ఆ లెక్క వేసి చూపించింది. డైటీషియన్‌ని అడిగి, నాలుగు గంటల ఫీడులో సగం మాత్రం పల్చటి జావా నూనె కలిపి పెట్టేలా ఒప్పించింది. అప్పటినుంచీ ఆ నాలుగు గంటల పని మా వదినది.

చరిత్రకారుల అలవాటు కొద్దీ ఒక నెల పేజీల్లో చేతిరాతలు లెక్కపెట్టాను. ముప్పై రోజులకి 390 మందు గుర్తులు. అందులో నావి 40. మా వదినవి 24. మా అల్లుడివి 11. మిగిలిన 315 మా అమ్మాయివి. మా అల్లుడు చెడ్డవాడు కాదు. బిడ్డ కోసం అప్పులు చేశాడు, అర్ధరాత్రి కారు నడిపాడు. ఆ అంకెలు చూసి ఆశ్చర్యపోయాడు, 'ఇంకా ఎక్కువే చేస్తున్నాననుకున్నా అత్తయ్యా' అన్నాడు. లెక్క లేనిచోట అందరికీ అలాగే అనిపిస్తుంది.

ఎవరి మాట చెల్లుతుంది

ఇంత తెలిసిన మనిషి మాటకి విలువ ఎంత? ఒక రాత్రి జ్వరం, వాంతులు. ఫీడు నిలవడం లేదు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో, ఏ మందులు వాడకూడదో రాసిన డాక్టరు ఉత్తరం మా అమ్మాయి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. గ్లూకోజు సెలైన్ వెంటనే పెట్టాలి, లాక్టేటు ఉన్న సెలైన్ వద్దు, ఫిట్స్ వస్తే వాల్‌ప్రోయేట్ వద్దు అని స్పష్టంగా ఉంటుంది. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు లాక్టేటు సీసా తగిలించబోయాడు. మా అమ్మాయి ఉత్తరం చూపించింది. 'మీరు డాక్టరా అమ్మా?' అన్నాడు. కాదంది. 'ఇంట్లో మగవాళ్ళెవరూ రాలేదా?' అన్నాడు. కారు పెట్టి వచ్చిన మా అల్లుడు అదే ఉత్తరంలో అదే వాక్యం చదివాడు. సీసా మారింది.

ఆ డాక్టరు ముప్పై ఆరు గంటల డ్యూటీలో ఉండి ఉంటాడు. ఈ జబ్బు పేరు పుస్తకంలో ఒక్కసారి చూసి ఉంటాడు. అతని అలసటని నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ అలసటకి కూడా ఎవరి మాట నమ్మాలో ముందే నేర్పి పెట్టారు. పని చేసే చేతులు ఆడవాళ్ళవి, ఆ పనిలోంచి పుట్టిన జ్ఞానం మీద సంతకం మాత్రం మగవాళ్ళది. మంత్రసానులకి జరిగింది ఇదే కదా.

లెక్కలోకి రావడం

2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంట్లో పిల్లల్నీ రోగుల్నీ వృద్ధుల్నీ చూసుకునే పనిలో ఉన్న స్త్రీలు రోజుకి సగటున 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు దానికి ఇస్తున్నారని తేలింది. ఇంటి చాకిరీలో స్త్రీలు 299, మగవాళ్ళు 97. ఇవి సగటులు. మా అమ్మాయి రాత్రులు ఏ సగటులోకి వస్తాయి?

2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ ఆసరా అవసరమైన వారికి సంరక్షకుల భత్యం గురించి చెప్పింది. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద మంచానపడ్డవారిని చూసుకునేవారికి నెలకి 600 రూపాయలు నిర్ణయించారు. ఆ మొత్తం మా ఇంట్లో ఒక్క డబ్బా పొడికి చాలదు. కానీ ఆ డబ్బు రోగి పేర కాక చూసుకునే మనిషి పేర రావడం చిన్న విషయం కాదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, ఎంపిక చేసిన జబ్బుల చికిత్సకి 50 లక్షల దాకా సాయం ఉంది. హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి. లీ సిండ్రోమ్‌కి నయంచేసే మందు లేదు. మందు లేని జబ్బులో ఉన్న చికిత్సంతా సంరక్షణే. దాన్ని మాత్రం ఏ పట్టికలోనూ చికిత్స అని రాయరు.

ఇంటిచాకిరీకి జీతం అడిగిన ఉద్యమాన్ని 1970లలో ఇటలీలోనూ ఇంగ్లండ్‌లోనూ స్త్రీలు మొదలుపెట్టినప్పుడు, ప్రేమకి ధర కడతారా అని అందరూ వెక్కిరించారు. ప్రేమకి కాదు, పంపు శబ్దానికి రాత్రి రెండింటికి లేచే పనికి. తాత్వికురాలు ఈవా ఫెడర్ కిట్టే తన కూతురు సేషాతో బతుకుతూ 1999లో రాసిన పుస్తకంలో అడిగింది కూడా ఇదే. ఇంకొకరి మీద పూర్తిగా ఆధారపడిన మనిషిని చూసుకునే మనిషిని ఎవరు చూసుకోవాలి? ఆమెకి జీతమిచ్చి పెట్టుకున్న సహాయకులున్నారు. ఆ సహాయకుల శ్రమ గురించి కూడా ఆమె రాసింది. మన దగ్గర ఆ ప్రశ్న ఇంకా వరండాలోనే ఉంది.

'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం వచ్చి నాలుగు దశాబ్దాలైంది. ఆడవాళ్ళు చెప్పుకున్న మాటలే చరిత్రకి ఆధారమని ఆ పుస్తకం నా తరానికి నేర్పింది. ఆ మాటల పక్కన ఇప్పుడు ఈ నోట్‌బుక్కులు కూడా చేర్చాలి. పొట్ట పైపు చరిత్రలో క్లీవ్‌లాండ్ వైద్యుల పేర్లు ఉండాల్సిందే. 315 గుర్తులు పెట్టిన చెయ్యి కూడా ఉండాలి.

మా మనవరాలు ఎన్నాళ్ళుంటుందో మాకు చెప్పారు. దాని గురించి ఇక్కడ రాయను. అది ఉన్నన్నాళ్ళూ ప్రతి నాలుగు గంటలకీ ఎవరో ఒకరు లేవాలి. మా ఇంట్లో ఇప్పుడు శని, ఆదివారాల రాత్రులు మా అల్లుడివి. ఆ రెండు రాత్రులు మా అమ్మాయి వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటుంది. వచ్చిన బంధువులు 'పాపం, మహాతల్లి' అంటూనే ఉంటారు. ఆమె వినిపించుకోదు, నిద్రపోతూ ఉంటుంది.